ఏఆర్‌డీఎస్‌లో ఫ్లూయిడ్స్: పోయడం ఎప్పుడు ఆపాలి, తీయడం ఎప్పుడు మొదలుపెట్టాలి?

మార్కాపురం_ఫిజీషియన్ · ఉదయం 7:40

అందరికీ నమస్తే. వానలు పడ్డాక మన జిల్లాల్లో స్క్రబ్ టైఫస్ (నల్లిలాంటి చిన్న పురుగు కుట్టడంతో వచ్చే జ్వరం), డెంగీ, లెప్టో (ఎలుక మూత్రం కలిసిన నీటితో వచ్చే జ్వరం) కేసులు వరసకడతాయి. వాటిలో కొన్ని షాక్‌తో, ఊపిరితిత్తులు దెబ్బతిని నీరు దిగి (అదే ఏఆర్‌డీఎస్) వస్తాయి. చర్చ కోసం ఒక నమూనా కేసు పెడుతున్నాను.

42 ఏళ్ల మహిళ, 60 కిలోలు. వారం రోజుల జ్వరం, చంకలో ఎస్కార్ (పురుగు కుట్టిన చోట నల్లటి పుండు). వచ్చినప్పుడు బీపీ 80/50, లాక్టేట్ (కణజాలానికి రక్తం చాలనప్పుడు పెరిగేది) 4.2. రెండు గంటల్లో 1.8 లీటర్ల ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ సెలైన్) వెళ్లింది. బీపీ కాస్త లేచింది గానీ ఆయాసం పెరిగింది, ఇంట్యుబేట్ చేసి (గొంతులో గొట్టం వేసి) వెంటిలేటర్ పెట్టారు. ఇప్పుడు పీప్ (ఊపిరి వదిలాక కూడా వెంటిలేటర్ నిలిపే ఒత్తిడి) 10, ఎఫ్ఐఓ2 (ఇచ్చే గాలిలో ఆక్సిజన్ వంతు) 0.6, పీ/ఎఫ్ (రక్తంలోని ఆక్సిజన్‌ను ఆ వంతుతో భాగిస్తే వచ్చేది, తక్కువైతే చెడ్డది) 130. బీపీ లేపే నారడ్రినలిన్ నిమిషానికి కిలోకు 0.1 మైక్రోగ్రాములు. యూరిన్ గంటకు 25 మి.లీ.

యూరిన్ తక్కువుంది కాబట్టి ఇంకో లీటరు పోయాలని ఒక మాట, ఎక్స్‌రే తెల్లగా ఉంది కాబట్టి లాసిక్స్ (యూరిన్ పెంచి నీరు తీసే మందు) ఇవ్వాలని ఇంకో మాట. ఈ దశలో ఎట్టా నిర్ణయించాలి?

నెల్లూరు_క్రిటికల్‌కేర్ · ఉదయం 8:25

సార్, ఈ గంటలో ఆ రెండూ వద్దు. కారణం చెబుతాను.

ఏఆర్‌డీఎస్‌లో కేశనాళికల గోడలు లీకవుతాయి. గోడ బాగున్నప్పుడు లోపలి ఒత్తిడి కొంచెం పెరిగినా ఊపిరితిత్తి తట్టుకుంటుంది. గోడ చెడ్డాక అదే ఒత్తిడికి నీరు ఇంకా వేగంగా ఆల్వియోలైలోకి (ఊపిరితిత్తిలోని గాలి గదుల్లోకి) దిగుతుంది. అందుకే గుండె మామూలుగా ఉన్న మనిషికి కూడా ప్రతి అదనపు లీటరూ ఆక్సిజన్ మీద దెబ్బ కొడుతుంది. అట్టాగని షాక్‌లో ఉన్నవాళ్లకి నీరు బిగబట్టి కూర్చుంటే కిడ్నీ, పేగు, లివర్ పోతాయి. ఆ ఘడియలో ప్రాణం తీసేది షాకే.

2006లో వచ్చిన ఎఫ్‌ఏసీటీటీ ట్రయల్‌ను చాలామంది సగమే గుర్తుపెట్టుకుంటారు. వెయ్యి మంది ఏఆర్‌డీఎస్ రోగులు, సగం మందికి నీరు బిగించి (కన్సర్వేటివ్), సగం మందికి ధారాళంగా (లిబరల్). ఏడు రోజుల మొత్తం బ్యాలెన్స్ (లోపలికి వెళ్లిన నీటిలోంచి బయటికి వచ్చింది తీసేస్తే మిగిలేది) కన్సర్వేటివ్ వైపు దాదాపు సున్నా (మైనస్ 136 మి.లీ.), లిబరల్ వైపు ప్లస్ 6,992 మి.లీ. 60 రోజుల మరణాలు 25.5, 28.4 శాతం, అంటే తేడా తేలలేదు. మొదటి 28 రోజుల్లో వెంటిలేటర్ లేని రోజులు మాత్రం 14.6, 12.1. డయాలిసిస్ అవసరం కన్సర్వేటివ్ వైపు పెరగలేదు, 10 శాతానికి 14 శాతం. నీరు తగ్గిస్తే కిడ్నీ పోతుందనే భయానికి జవాబు అక్కడుంది.

మరిచిపోయే సగం ఏమిటంటే, ఆ రోగులకు ప్రోటోకాల్ మొదలైంది ఐసీయూలో చేరిన తర్వాత సగటున 43 గంటలకు. షాక్‌లో ఉన్నంతసేపు లాసిక్స్ మెట్టు వర్తించదు. ఆ తర్వాత 2015లో సరళం చేసిన రూపం వచ్చింది. అందులో వాసోప్రెసర్ (నారడ్రినలిన్ లాంటి బీపీ మందు) లేకుండా మీన్ బీపీ 60 పైన 12 గంటలు నిలబడితేనే తీయడం మొదలు. మీరు పెట్టిన పేషెంటు ఇంకా ఆ గడప దాటలేదు.

ఇప్పుడు అడగాల్సింది ఒకటే: ఇంకో 250 మి.లీ. పోస్తే గుండె పంపింగ్ నిజంగా పెరుగుతుందా?

ఒంగోలు_అనస్థీషియా · ఉదయం 9:10

పై మాటకు కొనసాగింపుగా, ఆ ప్రశ్నకు మంచం దగ్గరే జవాబు దొరుకుతుంది. పాసివ్ లెగ్ రైజ్ చేయండి. కాకపోతే చాలాచోట్ల తప్పుగా చేస్తారు. పేషెంటును పడుకోబెట్టి ఇద్దరు కాళ్లు పట్టుకుని ఎత్తితే అది టెస్టు కాదు. నొప్పికీ కదలికకీ అడ్రినలిన్ లేచి లెక్క తప్పుతుంది. మొదట మంచం తలవైపు 45 డిగ్రీల్లో ఉండాలి. అక్కడ ఎకోతో ఎల్‌వీఓటీ వీటీఐ (ఒక్కో బీట్‌కు ఎడమ గుండె ఎంత రక్తం తోస్తుందో చూపే కొలత) కొలవండి, మూడు నుంచి ఐదు బీట్ల సగటు. ఆ తర్వాత మంచం మోటారుతోనే నడుము పైభాగం చదును చేసి కాళ్లవైపు 45 డిగ్రీలు లేపండి. సుమారు 300 మి.లీ. సొంత రక్తమే గుండెకు చేరుతుంది. నిమిషంలోపు మళ్లీ కొలవాలి, ఆలస్యమైతే ప్రభావం పోతుంది. వీటీఐ 10 శాతం దాటి పెరిగితే గుండె నీటికి స్పందిస్తున్నట్టు. ఉదాహరణకు 17 సెం.మీ. ఉన్నది 19.5 అయితే దాదాపు 15 శాతం. తిరిగి 45 డిగ్రీలకు తెచ్చాక పాత అంకెకు దిగిందా అని కూడా చూడండి. దిగకపోతే మధ్యలో ఇంకేదో మారింది, ఆ టెస్టును నమ్మొద్దు.

ఎకో చేసేవాళ్లు లేని రాత్రి క్యాప్నోగ్రాఫ్ (వదిలే ఊపిరిలో సీఓ2 కొలిచే యంత్రం) పనికొస్తుంది. వెంటిలేటర్ సెట్టింగ్ మార్చకుండా, పేషెంటు సొంత శ్వాస లేకుండా ఉంటే, లెగ్ రైజ్‌లో ఎండ్ టైడల్ సీఓ2 (ఊపిరి వదిలే చివర సీఓ2) 5 శాతం పెరిగితే కార్డియాక్ అవుట్‌పుట్ (గుండె పంపింగ్) పెరిగినట్టే. పొట్ట బిగుసుకుని ఉంటే (అసైటిస్ అంటే పొట్టలో నీరు, పేగు ఉబ్బరం) లెగ్ రైజ్ నెగెటివ్ వచ్చినా నమ్మలేం.

పల్స్ ప్రెషర్ వేరియేషన్ (వెంటిలేటర్ శ్వాసతో పాటు పల్స్ ప్రెషర్ ఎంత శాతం మారుతుందో) మీద మాత్రం ఇక్కడ ఆధారపడొద్దు. కిలోకు 6 మి.లీ. టైడల్ వాల్యూమ్‌లో (ఒక్కో శ్వాసకు ఇచ్చే గాలి), గట్టిపడ్డ ఊపిరితిత్తిలో అది తక్కువగా కనిపిస్తుంది. కావాలంటే ఒక్క నిమిషం 6 నుంచి 8 మి.లీ.కి పెంచి చూడండి. వేరియేషన్ 3.5 పాయింట్లు పెరిగితే స్పందన ఉన్నట్టు. వెంటనే 6కు దించేయాలి. ఈ కిలోలు ఎత్తును బట్టి లెక్కకట్టిన బరువు, త్రాసు బరువు కాదు.

ఇంకో మాట. స్పందిస్తుందంటే నీరు కావాలని అర్థం కాదు. ఈ మెసేజ్ చదువుతున్న మీకూ లెగ్ రైజ్ చేస్తే పాజిటివ్‌గానే రావొచ్చు. మూడూ కలిసి ఉండాలి: కణజాలానికి రక్తం చాలడం లేదన్న గుర్తు, స్పందిస్తుందన్న టెస్టు, ఊపిరితిత్తి భరించగలదన్న నమ్మకం. ఇవన్నీ ఉంటే 250 మి.లీ., ప్రెషర్ బ్యాగుతో పది నిమిషాల్లో, మళ్లీ కొలత. 500 బాటిల్ తగిలించి డ్రిప్ రెండు గంటలు జారనిస్తే పని చేసిందో లేదో ఎవరికీ తెలీదు, నీరు మాత్రం లోపలే ఉంటుంది.

పీజీ_రెండో_ఏడు · ఉదయం 9:32

సార్, సీవీపీ (గుండెకు చేరే పెద్ద సిరలో ఒత్తిడి) 14 ఉంటే ఇక నిండిపోయినట్టేనా? లెగ్ రైజ్ అవసరం లేదా? చేతిగోళ్లు నొక్కి చూసే పరీక్షకి నిజంగా విలువుందా?

నెల్లూరు_క్రిటికల్‌కేర్ · ఉదయం 10:05

సీవీపీ ఒక్క అంకెతో స్పందన చెప్పలేం. పీప్ 12 పెడితే సీవీపీ దానంతటదే పైకి కనిపిస్తుంది. దాన్ని ఇంకోలా వాడాలి. 6 నుంచి 14కు ఆరు గంటల్లో పెరిగిందంటే కుడి గుండె మీద బరువు పడుతోందని హెచ్చరిక. అప్పుడు ఎకోలో కుడి వెంట్రికల్ చూడండి. ఎడమదానిలో 0.6 వంతు దాటి ఉబ్బి, మధ్య గోడ ఎడమవైపు నెట్టుకుని 'డీ' ఆకారంలో ఉంటే అది అక్యూట్ కార్ పల్మొనాలే (ఊపిరితిత్తి వల్ల కుడి గుండె ఉన్నట్టుండి దెబ్బతినడం). ఇట్టాంటి గుండెకు నీరు పోస్తే బీపీ ఇంకా పడుతుంది, ఎందుకంటే ఉబ్బిన కుడి గది ఎడమ గదిని నొక్కేస్తుంది. అక్కడ మందు నారడ్రినలిన్, సీఓ2 తగ్గించడం, పీప్ సవరించడం, బోర్లా పడుకోబెట్టడం. పీ/ఎఫ్ 150 లోపు, ఎఫ్ఐఓ2 0.6 లేదా ఆపైన ఉంటే రోజుకు కనీసం 16 గంటల ప్రోన్ (బోర్లా పడుకోబెట్టడం) ఎలాగూ చేయాలి. మీ నమూనా పేషెంటుకు ఎఫ్ఐఓ2 అంచుమీదే ఉంది, సిద్ధం చేసుకోండి.

గోరు పరీక్షకు విలువుంది. 2019 ఆండ్రోమెడా షాక్ ట్రయల్‌లో వాడింది అదే. గోరు మీద కాకుండా, చూపుడు వేలి చివర మెత్తటి వైపు గాజు స్లైడుతో తెల్లబడేదాకా నొక్కి, పది సెకన్లు పట్టి వదలాలి. మూడు సెకన్లు దాటితే ఆలస్యం. అరగంటకోసారి చూడాలి. ఏసీ గదిలో చేతులు చల్లబడితే తప్పు వస్తుంది, ఒకే వేలు, ఒకే వెలుతురు పాటించండి. ఈ పేషెంటుకు వేలి రంగు రెండు సెకన్లలో వస్తూ, లాక్టేట్ దిగుతూ ఉంటే గంటకు 25 మి.లీ. యూరిన్ ఒక్కదాని కోసం నీరు పోయొద్దు. కిడ్నీ దెబ్బతిని కూడా యూరిన్ తగ్గుతుంది.

కావలి_ఐసీయూ_సిస్టర్ · ఉదయం 11:20

డాక్టర్లందరికీ నమస్కారం. బోలస్‌ల (ఒక్కసారిగా పోసే నీరు) గురించి ఇంత చర్చ జరుగుతోంది గానీ చార్టులో నీరు పెరిగేది అక్కడ కాదు. రెండో రోజు నుంచి బోలస్ ఒక్కటీ లేకపోయినా రోజుకు మూడు లీటర్లు ప్లస్ వస్తుంది. ఈ పేషెంటు మందులే లెక్కేసి చూపిస్తాను.

మెరోపెనెమ్ 1 గ్రాము మూడుసార్లు 100 మి.లీ. ఎన్ఎస్‌లో (నార్మల్ సెలైన్), 300. డాక్సీ 100 మి.గ్రా. రెండుసార్లు, 200. అజిత్రో 250. పారాసెటమాల్ బాటిల్ నాలుగుసార్లు, 400. పాంటాప్ రెండుసార్లు 100లో కలిపితే 200. నారడ్రినలిన్ 4 మి.గ్రా. 250 మి.లీ.లో కలిపితే 0.1 డోసుకు గంటకు 22.5 మి.లీ., రోజుకు 540. ఫెంటానిల్, మిడజోలామ్ గంటకు 4 మి.లీ., 96. ఆర్టీరియల్ లైన్ ఫ్లష్ గంటకు 3 మి.లీ., 72. మొత్తం 2,058 మి.లీ. ఇందులో ఒక్కటి కూడా ఫ్లూయిడ్ ఆర్డర్‌లో ఉండదు. దీని మీద రాత్రి ఎవరో రాసిన మెయింటెనెన్స్ (రోజంతా నడిచే డ్రిప్) గంటకు 75, అంటే 1,800. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) ఫీడ్ 1,500. కలిపితే 5,358. యూరిన్ 1,500 వచ్చి, చెమట, శ్వాస కింద ఏడెనిమిది వందలు పోయినా మూడు లీటర్లు మిగులు.

మార్చదగినవి చాలా ఉన్నాయి. ఫీడ్ నడుస్తుంటే మెయింటెనెన్స్ ఆపేయమని రౌండ్స్‌లోనే రాయించుకోవాలి. పాంటాప్ 10 మి.లీ.లో కలిపి నెమ్మదిగా ఐవీ పుష్. పారాసెటమాల్ ట్యూబ్‌లోంచి, అదీ అవసరమైనప్పుడే. సెంట్రల్ లైన్ వచ్చాక నారడ్రినలిన్ 8 మి.గ్రా. 50 మి.లీ. సిరంజిలో, అప్పుడు అదే డోసు గంటకు 2.25 మి.లీ., రోజుకు 54. ఆంప్యూల్ మీద బైటార్ట్రేట్ లెక్కా బేస్ లెక్కా అని చదివి వార్డంతా ఒకే పద్ధతి పాటించాలి, లేకపోతే డోసు సగమో రెట్టింపో అవుతుంది. సిరంజి మార్చేటప్పుడు కొత్తది రెండో పంపులో నడిపించాకే పాతది ఆపాలి. చిక్కటి మందు కాబట్టి అర నిమిషం ఆగినా బీపీ పడిపోతుంది.

ఇంటేక్ అవుట్‌పుట్ చార్టులో 'మందుల నీరు' అని వేరే గడి గీయండి. గడి లేనిది ఎవరూ రాయరు.

ఫార్మసీ_నెల్లూరు · మధ్యాహ్నం 12:02

సిస్టర్ గారి లెక్క బంగారం. రెండు సవరణలు.

మెరోపెనెమ్ 20 మి.లీ. నీటిలో కలిపి 3 నుంచి 5 నిమిషాల్లో పుష్ చేయొచ్చు, కానీ సెప్టిక్ షాక్‌లో మొదటి డోసు తర్వాత మూడు గంటల ఇన్ఫ్యూజన్ మేలు. 1 గ్రాము 50 మి.లీ. సిరంజిలో వేసి పంపులో పెట్టండి, రోజుకు 150 మి.లీ. అవుతుంది. కలిపి గంటలు నిల్వ ఉంచొద్దు, మన వేడికి మందు చెడుతుంది.

డాక్సీ, అజిత్రో బాటిళ్లను కుదించడానికి ప్రయత్నించొద్దు. అజిత్రో మి.లీ.కి 2 మి.గ్రా. మించకూడదు, డాక్సీ మి.లీ.కి 1 మి.గ్రా. మించకూడదు, సిరను కాల్చేస్తాయి. స్క్రబ్ టైఫస్ తీవ్రంగా ఉన్నప్పుడు మొదటి రోజులు ఈ రెండూ ఐవీగానే వెళ్లాలి. 2023లో మన దేశంలోనే చేసిన ట్రయల్‌లో ఈ జంటే ఒక్కో మందు కంటే మెరుగని తేలింది. ఆ 450 మి.లీ. భరిద్దాం. షాక్ తగ్గి ఫీడ్ ఒంటబడుతున్నప్పుడు ట్యూబ్‌కు మార్చండి. డాక్సీకి ముందూ తర్వాతా ఫీడ్ ఆపాలి, పాలలోని కాల్షియం దాన్ని కట్టేస్తుంది.

ఉప్పు సంగతి కూడా చూడండి. లీటరు ఎన్ఎస్‌లో 154 మిల్లీమోల్ సోడియం, 9 గ్రాముల ఉప్పు. రెండు లీటర్ల మందుల నీరంతా ఎన్ఎస్ అయితే 18 గ్రాముల ఉప్పు. లాసిక్స్ ఇస్తూ ఇదీ పోస్తుంటే ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో పోసినట్టే. కుదిరే మందులను 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో కలపండి. మెరోపెనెమ్, ఫ్యూరోసెమైడ్ (లాసిక్స్) మాత్రం ఎన్ఎస్‌లోనే.

మార్కాపురం_ఫిజీషియన్ · మధ్యాహ్నం 12:40

ఈ లెక్క మా చార్టుకి నేరుగా ఎక్కిస్తాను సిస్టర్ గారూ. ఇప్పుడు తీయడం గురించి. మూడో రోజు నారడ్రినలిన్ 0.03కు దిగింది, లాక్టేట్ 1.4, కాళ్లు వాచాయి, మొత్తం ప్లస్ 5.5 లీటర్లు. 12 గంటల నియమం పూర్తికాలేదు. ఆగాలా?

కిడ్నీ_వార్డు_ఒంగోలు · మధ్యాహ్నం 2:15

5.5 లీటర్లను 60 కిలోలతో భాగిస్తే 9 శాతం. 10 శాతం దాటిన రోగుల్లో మరణాలు ఎక్కువని ఐసీయూ అధ్యయనాలు పదే పదే చూపాయి. నా అభిప్రాయంలో నారడ్రినలిన్ డోసు తగ్గుతూ, 0.05 లోపు నిలకడగా ఉండి, లాక్టేట్ సరిగ్గా ఉంటే నెమ్మదిగా మొదలెట్టొచ్చు. అందరూ ఒప్పుకోరని తెలుసు. డోసు పెరుగుతుంటే మాత్రం ససేమిరా వద్దు.

ఫ్యూరోసెమైడ్ 20 మి.గ్రా. ఐవీ. గంట తర్వాత యూరిన్ చూసి చాలకపోతే 40, తర్వాత 80. ఎఫ్‌ఏసీటీటీ ప్రోటోకాల్లో ఒక్కో డోసు గరిష్ఠం 160. ఇన్ఫ్యూజన్ అయితే 100 మి.గ్రా. 50 మి.లీ. ఎన్ఎస్‌లో వేసి గంటకు 1.5 మి.లీ., అంటే 3 మి.గ్రా.తో మొదలు, గంటకు గరిష్ఠం 24 మి.గ్రా. పెద్ద డోసును నిమిషానికి 4 మి.గ్రా. మించి తోయొద్దు, చెవులు పోతాయి. రోజుకు మైనస్ 500 నుంచి 1,000 చాలు. మొదటి రోజే మూడు లీటర్లు లాగితే బీపీ పడుతుంది, రాత్రి డ్యూటీ డాక్టరు మళ్లీ బోలస్ ఇస్తారు, కథ మొదటికొస్తుంది.

రెండు గంటల తర్వాత స్పాట్ యూరిన్ సోడియం 50 లోపుంటే ఆ డోసు పనిచేయలేదు, రెట్టింపు చేయండి. కిడ్నీ దెబ్బ మీద అనుమానముంటే కిలోకు 1 మి.గ్రా. ఇచ్చి (ముందే లాసిక్స్ వాడి ఉంటే 1.5) రెండు గంటల యూరిన్ కొలవండి. 200 మి.లీ. రాకపోతే కిడ్నీ ఇంకా దిగజారే అవకాశం ఎక్కువ. లాసిక్స్ గుమ్మరిస్తూ రెండు రోజులు పోగొట్టకుండా నెఫ్రాలజీకి ఫోన్ చేయండి. కనిగిరి వైపు నుంచి ముందే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు వస్తుంటారు, పాత క్రియాటినిన్ రిపోర్టు అడిగి తీరాలి. డయాలిసిస్‌తో తీయాల్సి వస్తే ఎనిమిది గంటల స్లెడ్‌లో (నెమ్మదిగా నడిపే డయాలిసిస్) 1.2 నుంచి 1.5 లీటర్లు. నాలుగు గంటల మామూలు సెషన్‌లో అంతే లాగితే ఈ రోగి తట్టుకోదు.

పొటాషియం 4, మెగ్నీషియం 2 పైన ఉంచండి. మన 10 మి.లీ. కేసీఎల్ ఆంప్యూల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి. పెరిఫెరల్ లైన్‌లో (చేతి సిరలో పెట్టిన లైన్) గంటకు 10 మించొద్దు. ఎప్పుడూ కలపకుండా పుష్ చేయొద్దు.

కందుకూరు_ఎమర్జెన్సీ · సాయంత్రం 4:30

తెల్లటి ఎక్స్‌రే అంతా ఏఆర్‌డీఎస్ కాదని ఇక్కడ గట్టిగా రాయాలి. పురుగుమందు తాగి, నోట్లో నురగ, చెమట, సన్నటి కంటిపాప, బుసబుసలాడే ఛాతీతో వస్తే అది ఆర్గానోఫాస్ఫేట్ స్రావం. లాసిక్స్ దండగ. అట్రోపిన్ 1.8 నుంచి 3 మి.గ్రా., ఐదు నిమిషాలకోసారి రెట్టింపు, ఛాతీ పొడిగా మారి గుండె 80 దాటేవరకు. ఇక్కడ ఆలస్యమే చంపుతుంది.

డెంగీ ఇంకో రకం. లీకు 24 నుంచి 48 గంటలే, ఆ తర్వాత బయటికి పోయిన నీరు దానంతటదే రక్తంలోకి తిరిగొస్తుంది. హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) దిగుతూ, నాడి బలంగా, యూరిన్ ధారాళంగా ఉంటే డ్రిప్ ఆపేయాలి. ప్లేట్‌లెట్లు 20 వేలున్నాయని భయంతో గంటకు 100 చొప్పున నడిపిస్తే, కోలుకోవాల్సిన రోజున ఊపిరితిత్తులు నిండుతాయి. ఆ రోజు ఆయాసానికి ముందు లంగ్ అల్ట్రాసౌండ్ పెట్టండి.

ఒంగోలు_అనస్థీషియా · సాయంత్రం 5:05

నిజం. ఒక్కో ఫీల్డులో మూడు గానీ అంతకు మించి గానీ బీ లైన్లు (ఊపిరితిత్తిలో నీటిని చూపే అల్ట్రాసౌండ్ గీతలు) కొత్తగా వస్తే బోలస్ ఆపే గంట కొట్టినట్టే. మొదట చూసినప్పుడే ఎన్నున్నాయో రాసిపెట్టుకోకపోతే 'కొత్తగా' అన్న మాటకు అర్థముండదు. ఏఆర్‌డీఎస్‌లో అవి ముందునుంచే ఉంటాయి.

పీజీ_రెండో_ఏడు · సాయంత్రం 5:40

అల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్) 2 ఉంటే లాసిక్స్‌తో పాటు అల్బుమిన్ ఇవ్వాలా సార్?

నెల్లూరు_క్రిటికల్‌కేర్ · సాయంత్రం 6:15

2005లో 40 మందితో చేసిన ట్రయల్‌లో, మొత్తం ప్రొటీన్ 6 లోపున్నవాళ్లకు ఆక్సిజన్, బీపీ నిలకడ మెరుగయ్యాయి. మరణాలు తగ్గలేదు. లాసిక్స్ ఒంటరిగా ఇస్తే బీపీ పడుతున్న పేషెంటుకు నేను వాడతాను, అందరికీ కాదు. బిల్లు కట్టేవాళ్లకి ముందే చెప్పండి.

మార్కాపురం_ఫిజీషియన్ · రాత్రి 8:10

ఇక్కడి నుంచి ఒంగోలు పంపేటప్పుడు ఏం రాసి పంపాలి? దాదాపు వంద కిలోమీటర్లు.

కావలి_ఐసీయూ_సిస్టర్ · రాత్రి 8:45

రెఫరల్ చీటీలో 'ఐవీ ఫ్లూయిడ్స్ ఇచ్చాం' అని ఒక్క ముక్క రాస్తే అవతల వాళ్లు షాక్‌కు మొదట పోసే కిలోకు 30 మి.లీ. లెక్క మళ్లీ మొదటినుంచి పెడతారు. ఏ ద్రవం, ఎన్ని మి.లీ., ఏ టైము నుంచి ఏ టైము దాకా, యూరిన్ ఎంత, యూరిన్ బ్యాగు ఎప్పుడు ఖాళీ చేశారు, చివరి లాక్టేట్, బరువు కొలిచిందా అంచనానా. అంబులెన్స్‌లో డ్రిప్ చక్రం పూర్తిగా వదిలేసి ఉంటే ఒక బాటిల్ దారిలోనే అయిపోతుంది. పంపు ఉంటే పంపు, లేకపోతే డ్రిప్ కట్టేసి హెప్లాక్ పెట్టి (క్యాన్యులా ఉంచి మూత బిగించి) పంపండి.

ఒంగోలు_అనస్థీషియా · రాత్రి 9:00

బీపీ కోసం నీటి బదులు నారడ్రినలిన్‌ను పెరిఫెరల్‌గానే మొదలెట్టి పంపొచ్చు. మోచేతి దగ్గర పెద్ద సిర, 18 గేజ్ క్యాన్యులా, 4 మి.గ్రా. 250లో. అదే చేతికి బీపీ కఫ్ కట్టొద్దు. చర్మం తెల్లబడినా ఉబ్బినా ఆపి, క్యాన్యులా పీకకుండా దాంట్లోంచే మందు వెనక్కి లాగండి. నారడ్రినలిన్‌ను రెండో చేతి లైన్‌కు మార్చండి. అందుకే రెండు లైన్లు పెట్టి పంపాలి.

కిడ్నీ_వార్డు_ఒంగోలు · రాత్రి 9:35

ఒకటి మిగిలింది. నాలుగైదు రోజులు లాసిక్స్ నడిచాక బైకార్బ్ 34, 36కు చేరుతుంది. పీహెచ్ పెరిగితే శ్వాస తీసుకోవాలన్న తపన మందగించి, వీనింగ్ ట్రయల్లో (వెంటిలేటర్ సాయం తగ్గించి చూసే పరీక్ష) పేషెంటు నెమ్మదిగా ఊపిరి తీస్తుంటుంది. ముందు పొటాషియం, క్లోరైడ్ సరిచేయండి, తర్వాత అసెటజోలమైడ్ 250 నుంచి 500 మి.గ్రా. ట్యూబ్‌లో. దానితో పొటాషియం మళ్లీ పడుతుంది, ఆరు గంటల్లో చూసుకోండి. సోడియం 150 దాటితే ఎన్ఎస్ ఆపి, ట్యూబ్‌లో నాలుగు గంటలకోసారి 200 మి.లీ. మంచినీళ్లు, ఆ నీళ్లనూ చార్టులో ఎక్కించి.